నువ్వుల చేను కోతకొచ్చింది, మబ్బు పట్టింది. ఇప్పుడే కొయ్యాలా, ఆగాలా?

పసుపుచేను | మే 17, 2025, రాత్రి 8:40

అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఊరు. రెండెకరాల భూమి. పసుపు తవ్వినంక ఎకరం పది గుంటల్ల ఫిబ్రవరి 25న నువ్వులు అలికినం. మిగిలినదాంట్ల వరి ఉండె, అది కోసి అమ్మినం.

మా మామ లేకుండ చేతికొస్తున్న మొదటి నువ్వుల పంట ఇది. సంక్రాంతికి ముందు కాలం చేసిండు. మా ఆయన మస్కట్‌ల ఉంటడు. ఇంట్ల నేను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలం. కోసుడు, కట్టలు కట్టుడు, దులుపుడు అత్తమ్మకు కొట్టిన పిండి. కని ఎప్పుడు కొయ్యాల్నో ప్రతిసారి మామనే చెప్పేటోడు. పొద్దుగాల చేనంత తిరిగొచ్చి, చాయ్ తాగుకుంట "రేపు కోద్దాం" అనేటోడు. ఏం చూసి అంటుండో మేం ఎన్నడు అడగలే.

ఇప్పుడు కింది ఆకులు పండి రాలుతున్నయి. కింది కాయలు పసుపు తిరిగినయి. పైన జానెడు ఇంకా పచ్చగనే ఉంది, కొసకు పూలున్నయి. రెండు రోజుల సంది పొద్దుమీకితే మబ్బు, మెరుపులు. కోసి కట్టలు పెడితే తడుస్తయేమోనని ఒక భయం. కొయ్యకపోతే కాయ పగిలి గింజంత నేలపాలైతదని ఇంకో భయం. తెలిసినోళ్లు చెప్పండి.

మెట్టరైతు (నిజామాబాద్) | మే 17, రాత్రి 9:25

చెల్లె, రేపు తెల్లారంగనే చేన్లకు పో. ఒడ్డు పొంటి మొక్కలు చూడకు, అవి ముందే ఎండుతయి. నడిమిట్లకు పోయి పది చోట్ల పది మొక్కలు పట్టి కాయలు లెక్కవెట్టు. నాలుగొంతుల్ల మూడొంతులు పసుపు తిరిగితే కోతకొచ్చినట్టే. నడిమి కాయ ఒకటి ఇప్పి చూడు. గింజ నిండి, రంగు తిరిగి, గోటితో నొక్కితే పాలు రాకుంటే ఇంక ఆగొద్దు.

కొసకున్న పూలు, పిందెల మీద ఆశ పెట్టుకోకు. అవి నిండేదాక ఆగితే కిందున్న గట్టి గింజ పోతది. పైన నాలుగు తాలు కాయల కోసం కింద నలభై మంచి కాయలు పోగొట్టుకున్న ఏడాది నాకు ఉన్నది. మీ మామ చేను తిరిగి చూసింది ఇదే అయ్యుంటది.

పొలంబడి | మే 17, రాత్రి 10:02

వ్యవసాయ విస్తరణలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. పైన అన్న చెప్పిన లెక్క సరైనదే. రకం ఏమిటమ్మా? శ్వేత లాంటి రకాలైతే 80 నుంచి 90 రోజుల మధ్య కోతకొస్తాయి. మీ చేనుకు 81 రోజులు నిండాయి కాబట్టి ఒకటి రెండు రోజుల్లో కొయ్యాల్సిందే అనిపిస్తోంది.

ఇంకో విషయం. చేలో కొన్ని మొక్కలకు కాయలు లేకుండా పైన గుబురుగా చిన్న చిన్న ఆకులే ఉంటే అది వెర్రి తెగులు. దీపపు పురుగుల వల్ల వ్యాపిస్తుంది. అలాంటి మొక్కల్ని కట్టల్లో కలపవద్దు. పచ్చిగా ఉండి పక్క కట్టల్ని కూడా ఆరనివ్వవు.

వడ్లకుప్ప (కరీంనగర్) | మే 17, రాత్రి 10:40

అక్కా, కోతకన్నా ముందు పరదాలు (టార్పాలిన్లు) తెచ్చుకో. ఇది అనుభవంతో చెప్తున్న.

నా యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంల పోసి ఇయ్యాల్టికి 12 రోజులు. తేమ 17 శాతం లోపు ఉంటెనే కాంటా. పొద్దంత కాళ్లతో బోదెలు తీసుకుంట కలియబెడుత. సాయంత్రం మిషన్ పెడితే 17.5. తెల్లారి ఎండితే కాంటాకు వస్తది అనుకుంట. రాత్రి వాన. మూడుసార్లు ఇట్లనే అయ్యింది. మూడోసారి పరదా కిందికి నీళ్లు పారినయి. పొద్దుగాల చెయ్యి పెడితే కుప్ప అడుగు వెచ్చగ తగిలింది. తెల్లటి మొలకలు. దోసిట్ల పట్టుకొని చాలాసేపు అక్కడనే కూసున్న. మా నాయిన ఏం అనలే, ఆ అడుగు గింజలు పక్కకు తీసి కోళ్లకు పోసిండు.

పరదా పైన కప్పుటానికి ఒకటి ఉంటే చాలదు. కిందికి ఇంకోటి కావాలె. చుట్టూ జానెడు లోతు కాలువ తీయాలె. కిరాయికైనా సరే, రేపే తెచ్చుకో.

పసుపుచేను | మే 18, ఉదయం 8:15

తెల్లారకముందే పోయిన. పది మొక్కలు లెక్కవెట్టిన. ఒక్కో మొక్కకు సగటున 42 కాయలు, దాంట్ల 31 పసుపు తిరిగినయి. నడిమి కాయ ఇప్పితే గింజ తెల్లగ, గట్టిగ ఉంది. రకం శ్వేతనే, మామ పోయినేడు పొలాస పరిశోధన స్థానం నుంచి తెచ్చి దాచిన ఇత్తనం.

ఎర్రి చెట్లు పదిహేను దాక ఉన్నయి, పీకి ఒడ్డు మీద పడేసిన. అత్తమ్మ చూసి, "మీ మామ గూడ ముందు ఇవే పీకుతుండె" అన్నది. ఇన్నేండ్లు అది కలుపు పీకుడు అనుకున్న నేను.

రేపు కోస్తున్నం. ఏడుగురు ఆడోళ్లు వస్త అన్నరు. పరదాలు ఇంట్ల రెండున్నయి, ఇంకో రెండు కిరాయికి మాట్లాడిన.

నూజివీడు తోట | మే 18, ఉదయం 9:30

మంచి నిర్ణయం అమ్మా. మాకూ ఇదే తంటా. మూడెకరాల మామిడి తోట. బంగినపల్లి చాలావరకు కోసేశాం, చిన్నరసాలు చెట్ల మీదున్నాయి. గాలి వస్తే రాలిన కాయకి ధర లేదు, పచ్చళ్లకి కూడా అడగరు. ముందే కోస్తే తీపి ఎక్కదు. మా నాన్నగారు కాయ భుజాలు చూసేవారు. తొడిమ దగ్గర భుజాలు నిండి, తొడిమ చుట్టూ చిన్న గుంట పడితే పక్వానికొచ్చినట్టు. ఎవరి పంటకి వాళ్లకో గుర్తు ఉంటుంది.

నిన్న చిక్కంతో నలభై బుట్టలు దింపాం. తొడిమ అంగుళం ఉంచి కోయిస్తాను. తొడిమ ఊడితే సొన కారి కాయ మీద నల్లచార పడుతుంది. ఆ చార ఉంటే మార్కెట్లో పక్కన పెట్టేస్తారు. ఇంట్లో తినే కాయలు వరిగడ్డిలో మాగేస్తాం. మా మనవరాలు రోజూ గడ్డిలోకి చెయ్యి పెట్టి మెత్తబడ్డవి వెతుకుతుంది.

మెట్టరైతు (నిజామాబాద్) | మే 18, సాయంత్రం 6:10

చెల్లె, కోతకు నాలుగున్నరకే దిగండి. చల్లకు కాయ మెత్తగ ఉండి నోరు తెరువది. ఎండెక్కితే కొడవలి తగులంగనే కాయ పటపట పగులుతది. ఆ చప్పుడు ఇనబడ్డదంటే ఆపెయ్యండి. కట్టలు చిన్నగ కట్టాలె, రెండు చేతుల్ల పట్టేంత. పెద్ద కట్టలైతే నడిమిట్ల ఆరవు. తలలు పైకి పెట్టి, ఒకదానికొకటి ఆనిచ్చి, గుడిసె లెక్క నిలబెట్టాలె. కింద పరదా పరిచినంకనే.

పసుపుచేను | మే 19, మధ్యాహ్నం 1:20

ఒక్కరోజుల సగం కంటె ఎక్కువనే అయ్యింది. తెల్లారుజామున సెల్‌ఫోన్ లైట్లు పట్టుకొని దిగినం. ఏడుగురు అన్నరు, తొమ్మిది మంది వచ్చిండ్రు. మామ చేనని తెలిసి ఇద్దరు పిలువకున్నా వచ్చిండ్రు, కూలి గూడ అడగలే, నేనే బతిమిలాడి ఇచ్చిన. అత్తమ్మ రాత్రే జొన్న గటక వండిపెట్టింది. ఏడు గంటలకు చల్ల కలుపుకొని, మామిడికాయ తొక్కు నంజుకొని వేప కింద కూసొని తిన్నరు.

తొమ్మిదింపావుకు మొదటి చప్పుడు ఇనబడ్డది. చిన్న చిటిక వేసినట్టు. ఆ ఎంబడే ఇంకోటి. అత్తమ్మ చెయ్యి లేపింది, అందరు ఆపేసిండ్రు. మిగిలింది రేపు పొద్దుగాల.

కోరుట్లోడు (మస్కట్) | మే 19, మధ్యాహ్నం 2:05

వదినా, మాది కోరుట్ల పక్క ఊరు. ఇక్కడ తొమ్మిదేండ్ల సంది ఉంటున్న. మీరు గటక, తొక్కు అని రాసింది సదివి రెండుసార్లు ఎనక్కి పోయి మళ్లీ సదివిన.

ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాక పన్నెండున్నర నుంచి మూడున్నర మధ్యల బయట పని చేయించొద్దని రూల్ ఉన్నది. మన చేన్లల్ల ఆ రూల్ పెట్టేటోడు లేడు, మనకు మనమే పెట్టుకోవాలె. మా చిన్నాయిన రోహిణి కార్తెల ఒంటిగంటకు పెంట కుప్ప తోలుకుంట వడదెబ్బకు పడిపోయిండు. లేవలే. చల్ల, ఉప్పు నీళ్లు, నెత్తికి తడి తువ్వాల. ఆ కూలికొచ్చిన అక్కలకు గూడ చెప్పుండ్రి.

పసుపుచేను | మే 19, రాత్రి 9:30

తప్పకుండ చెప్త తమ్మి. మా ఆయన గూడ నీలెక్కనే ఇప్పుడే ఫోన్ల అడిగిండు, కట్టలు ఎన్నయినయని. 140 అని చెప్పిన. వీడియో చూపియ్యమన్నడు. చీకట్ల ఏం కనబడలే, అయినా చూసిండు.

ఉద్దానం జీడి | మే 20, ఉదయం 6:50

ఈ చర్చ చదువుతుంటే మా తోట గుర్తొస్తంది. మాది పలాస దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా జీడి, కొబ్బరి ఒక్క రాత్రిలో నేలకొరిగిపోయాయి. జీడి మళ్లీ నాటినాం. ఈ ఏడే ఆ మొక్కలు చెట్లలాగ కాసాయి. మార్చి నుంచి పొద్దున్నే లేచి రాలిన పళ్లు ఏరడమే పని. పండు మెలిపెట్టి పిక్క తీసి, రెండు మూడు రోజులు ఎండబెట్టి, 80 కిలోల బస్తాకెత్తుతాం. మాకు కూడా వాన పడితే పిక్క నల్లబడతాది, ధర తెగ్గోస్తారు. ఆఖరి కోత ఈ వారంతో అయిపోద్ది.

అమ్మా, నువ్వుల కట్టల మీద బరకం కప్పితే గాలి ఆడేలా చూసుకో. మేమైతే పిక్కల మీద వాన వచ్చినప్పుడే కప్పి, ఆగగానే తీసేస్తాం.

వడ్లకుప్ప (కరీంనగర్) | మే 20, ఉదయం 7:30

రాత్రిపూట తీసిపెట్టుడు ప్రమాదం అక్కా. వాన పది నిమిషాల్ల వస్తది, నిద్రలేచేసరికి తడిసిపోతది. నేనైతే రాత్రి కప్పే ఉంచుత.

మెట్టరైతు (నిజామాబాద్) | మే 20, ఉదయం 8:00

తమ్మీ, వడ్లు వేరు, నువ్వుల కట్టలు వేరు. పచ్చి కట్టలకు పరదా గట్టిగ కప్పితే లోపట ఉడికిపోతయి, కాయలకు బూజు పడతది. గింజ తెల్లదనం పోయి మసక తిరుగుతది. నడుమ రెండు కట్టెలు పాతి తాడు కట్టి, పరదాను గుడారం లెక్క పైనుంచి దించుండ్రి. నాలుగు దిక్కుల గాలి పోవాలె. పక్కల మీద జల్లు పడ్డా ఫరవాలేదు, తల తడవొద్దు.

పసుపుచేను | మే 22, ఉదయం 6:20

రాత్రి వాన పడ్డది. పదకొండున్నరకు మొదలైతే రెండింటిదాక. మెట్టరైతు అన్న చెప్పినట్టు నిన్న సాయంత్రమే గుడారం కట్టినం. అయినా గాలికి ఒక మూల లేచిపోయింది. అత్తమ్మ, నేను ఉరికినం. ఆమె పరదా మీద కూసున్నది, నేను రాళ్లు తెచ్చి పెట్టిన. పిల్లలను ఇంట్ల ఒక్కళ్లనే పడుకోబెట్టి పోయిన. ఇంటికొచ్చేసరికి పెద్దోడు లేచి చిన్నదాన్ని ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. నాకు ఏడుపాగలే.

ఆ మూలకు 20, 25 కట్టలు తడిసినయి. అవి ఏం చేయాలె?

మెట్టరైతు (నిజామాబాద్) | మే 22, ఉదయం 6:35

తడిసినవాటిని మంచివాటితో కలపకు చెల్లె. వేరే పరదా మీద విడివిడిగ, ఒకదానికొకటి తాకకుండ నిలబెట్టు. ఎండ రాంగనే గుడారం మొత్తం తీసెయ్యి. సాయంత్రానికి కాయ ముట్టుకుంటే చల్లగ తగలొద్దు. వాటి గింజ ఆఖరికి వేరే దులుపు, వేరే సంచికెత్తు. నూనెకు పనికొస్తది, ఇత్తనానికి వద్దు.

పొలంబడి | మే 22, ఉదయం 7:10

అమ్మా, రాత్రి ఉరుములున్నప్పుడు చేనుకు పరుగెత్తారా? దయచేసి ఇంకెప్పుడూ అలా వెళ్లొద్దు. ఈ నెలలో ఏటా పిడుగుపాటుకు చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పొలంలో ఉన్నవాళ్లే. చెట్టు కింద నిలబడితే ఇంకా ప్రమాదం. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది, మీ ఊరి చుట్టుపక్కల పిడుగు పడే అవకాశం ఉంటే ముందే చెబుతుంది. ఫోన్‌లో పెట్టుకోండి. 25 కట్టలు పోతే పోనివ్వండి.

పసుపుచేను | మే 22, ఉదయం 7:25

సరే సార్. ఇప్పుడే పెట్టుకున్న.

అనంత చేను | మే 23, రాత్రి 9:00

అక్కా, మాది అనంతపురం జిల్లా. మాకు ఇప్పుడు కోతలు లేవు, విత్తనం పనే. శెనక్కాయలు ఒలిచేది. మిషన్‌లో వేస్తే పప్పు పైపొర లేచిపోయి మొలక సరిగా రాదు. అందుకే చేత్తోనే ఒలుస్తాము. మా అవ్వ, చిన్నమ్మలు, పక్కింటోళ్లు పొద్దున ఆరింటికే అరుగు మీద కూర్చుంటారు. పదకొండుకల్లా ఆపి, మళ్లీ పొద్దు వాలినాక. గుప్పిట్లో ఐదారు కాయలు పట్టుకోని బొటనవేలితో పుటుక్కుమని అనిపిస్తా ఉంటారు, మాటలు ఆగవు.

నువ్వుల విత్తనం తీసుకునేటప్పుడు మొదటి దులుపుడుదే తీసుకోండి. కింది కాయల గట్టి గింజ అదే.

తెలగపిండి (గుడివాడ) | మే 24, మధ్యాహ్నం 12:15

పసుపుచేను గారూ, మీ నువ్వుల్లో కొంచెం ఇంటికి ఉంచుకోండి, మొత్తం అమ్మెయ్యకండి. మా ఊళ్లో గానుగ ఉంది. పది కిలోలు వేస్తే నాలుగు కిలోల దాకా నూనె వస్తుంది, నూనె తీయగా మిగిలే తెలగపిండి వేరే. ఆ పిండితో మునగాకు కలిపి కూర వండితే బాలింతలకి పెడతాం, గేదెలకీ పెడతాం. కొత్త నువ్వులు దంచి, బెల్లం కలిపి చిమ్మిలి చేస్తే పిల్లలు ఇంకేమీ అడగరు. మీ వైపు సంక్రాంతికి సకినాల్లో వేస్తారుగా, ఆ నువ్వులు మీ చేనివే అయితే ఆ రుచి వేరు.

ఆవకాయలో కూడా మా అత్తగారు నువ్వుల నూనే పోస్తారు. నిన్ననే జాడీలకెత్తాం.

నూజివీడు తోట | మే 24, సాయంత్రం 5:40

వార్త చూశారా? ఇవాళ కేరళలో ఋతుపవనాలు ప్రవేశించాయని వాతావరణ శాఖ ప్రకటించింది. మామూలుగా జూన్ ఒకటికి రావాలి. ఎనిమిది రోజులు ముందు. రేపటినుంచి రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు రావాల్సిన కార్తె వానతో మొదలయ్యేట్టుంది. చిన్నరసాలు రేపే దింపేస్తున్నాను, ఇంక ఆగను. అమ్మా, మీరూ దులుపుడు త్వరగా కానివ్వండి.

పసుపుచేను | మే 25, రాత్రి 8:00

ఇయ్యాల మొదటి దులుపుడు అయ్యింది. పొద్దున పదకొండు దాటినంక, కాయ బాగ ఎండినప్పుడు. కట్టను తలకిందులు చేసి పట్టి కర్రతో రెండు దెబ్బలు వేస్తే చాలు, జలజల రాలింది. పిల్లలు కట్టలు అందిచ్చిండ్రు. చిన్నది పరదా మీద కూసొని గింజలల్ల కాళ్లు పెట్టి ఆడింది. అత్తమ్మ కోప్పడుతదనుకున్న. కోప్పడలే. కట్టలు మళ్లీ నిలబెట్టినం.

సాయంత్రం గాలి లేచినంక అత్తమ్మ చాటతో తూర్పారబట్టింది. తాలు, ఆకు ముక్కలు పక్కకు పోతుంటే తెల్లటి గింజ తిన్నగ కాళ్ల కాడ పడ్డది. ఆమె చేతులు చూసుకుంట నేర్చుకున్న, నా చాటల గింజ గూడ ఎగిరిపోతుండె. మొదటి దులుపుడు 2 క్వింటాళ్ల 70 కిలోలు.

కోరుట్లోడు (మస్కట్) | మే 25, రాత్రి 8:20

వదినా, ఫోటో ఏదీ?

పసుపుచేను | మే 25, రాత్రి 8:45

పెట్టిన చూడు. అత్తమ్మ మొఖం రాకుండ చాట మాత్రమే. ఆమె వద్దన్నది.

వడ్లకుప్ప (కరీంనగర్) | మే 26, రాత్రి 7:50

నా కాంటా అయ్యింది. పొద్దుగాల తేమ 16.8. మొలకెత్తినవి పక్కకు తీసినంక 11 బస్తాలు తగ్గినయి. తరుగు కింద బస్తాకు ఇంత అని మళ్లీ కోసిండ్రు, ఎందుకని అడిగితే తాలు ఉన్నదన్నరు. నేను మిషన్ పట్టిచ్చి తెచ్చిన వడ్లు అవి. అయినా లారీ ఎక్కినయి, అది చాలనిపిచ్చింది ఆ ఘడియకు. ఇయ్యాల ఋతుపవనాలు తెలంగాణల గూడ కొన్ని దిక్కుల ప్రవేశించినయట. ఇంకా మా కేంద్రంల యాభై అరవై కుప్పలు అట్లనే ఉన్నయి.

పొలంబడి | మే 28, సాయంత్రం 6:30

ఇవాళ కేంద్రం 2025-26 ఖరీఫ్ మద్దతు ధరలు ప్రకటించింది. నువ్వులు క్వింటాలుకు 9,846 రూపాయలు. పోయినేడు 9,267, అంటే 579 పెరిగింది. సాధారణ రకం వడ్లు 2,369, గతంలో 2,300. ఇవి వచ్చే పంటకు వర్తించే ధరలు. అయినా మీరు బేరం ఆడేటప్పుడు చేతిలో ఒక లెక్క ఉంటుంది. ఇంటి ముందుకొచ్చిన వ్యాపారి చెప్పిన మొదటి ధరకు తలూపొద్దు.

పసుపుచేను | మే 30, రాత్రి 9:10

రెండో దులుపుడు నిన్న అయ్యింది. ఇంకో 1 క్వింటాల్ 20. తడిసిన కట్టలవి వేరే 35 కిలోలు, గింజ కొంచెం మసకబారింది. మొత్తం 4 క్వింటాళ్ల 25 కిలోలు.

మొన్న ఇంటికి ఒక బేరగాడు వచ్చిండు. కిలో 82 అన్నడు. పొలంబడి సార్ పెట్టిన లెక్క చెప్పిన. అత్తమ్మ గడప మీద కూసొని ఒక్క మాట మాట్లాడలే. 82 నుంచి 90కి వచ్చిండు. మార్కెట్ యార్డుల అడిగి చెప్త అన్న. యార్డుల 93కు పోయినయి. మూడున్నర క్వింటాళ్లు అమ్మిన. తడిసినవి 35 కిలోలు గానుగకు. మిగిలిన మంచి 40 కిలోల్ల ఆరు కిలోలు ఇత్తనానికి, ముప్పై నాలుగు ఇంటికి, చుట్టాలకు.

ఇత్తనం పంటి కింద పెడితే టక్కున పగిలేదాక ఎండబెట్టినం. మామ వాడిన కుండ అటక మీద ఉండె. అడుగున పోయినేటి వేపాకు ఎండి పొడైంది, దులిపి కొత్తాకు వేసినం. మూత మీద మట్టి మెత్తుకుంట అత్తమ్మ నన్ను అడిగింది, "మల్ల ఏడు ఎప్పుడు కొయ్యాల్నో నువ్వే చెప్తవు గదా?" అని.

మెట్టరైతు అన్నా, మీ లెక్క పిల్లల నోట్‌బుక్కు ఎనక రాసిపెట్టిన. పది మొక్కలు, నాలుగొంతుల్ల మూడొంతులు, నడిమి కాయ.

మెట్టరైతు (నిజామాబాద్) | మే 30, రాత్రి 9:30

సంతోషం చెల్లె. ఇప్పుడు భూమి ఖాళీ పెట్టకు. పదును మీద వాలుకు అడ్డంగ దున్నిపియ్యి, మొదళ్లు, పురుగుల గూళ్లు పైకొస్తయి, కొంగలు ఏరుకుంటయి. చెరువు మట్టి దొరికితే పది ట్రాక్టర్లు తోలిపియ్యి. మృగశిరకు, భూమిల కలియదున్నుటానికి పచ్చిరొట్ట అలుకు.

పసుపుచేను | మే 30, రాత్రి 9:38

జీలుగ తెద్దామనుకుంటున్న. ఎకరానికి ఎంత పడతది అన్నా?

మెట్టరైతు (నిజామాబాద్) | మే 30, రాత్రి 9:41

పది పన్నెండు కిలోలు. పూత మొదలు కాకముందే కలియదున్నాలె. పూతకొచ్చేటప్పుడు ఇక్కడనే ఒక మాట రాయి, చూసి చెప్త.